రాగి పెప్టైడు ముడుతలను మాన్పునా? – ఒక విమర్శ

కుమారుడు తండ్రి వార్ధక్యమును తాను స్వీకరించి, తన యౌవనమును అతనికి ఇచ్చుట యయాతి కథలోని ముఖ్యాంశము. ముసలితనము మారకమునకు లొంగునది కాదని యెరిగియు మానవుడు ఆ కోరికను విడువలేదు. నేడు ఆ కోరిక నీలిరంగు ద్రవముగా చిన్న సీసాలలో అమ్మకమునకు వచ్చినది. సీసాపై ‘కాపర్ పెప్టైడు’ అని వ్రాసి ఉండును. చర్మము నూతనమగుననియు, ముడుతలు తొలగుననియు, వయస్సు వెనుకకు నడచుననియు ప్రకటనలు చెప్పుచున్నవి. ఈ ప్రకటనలు విద్యార్థుల చేతులలోని ఫోనులలో సైతము కనిపించుచున్నవి. “ఇది నిజమేనా మాస్టారూ?” అని ఒక విద్యార్థి అడిగినచో, “అంతయు మోసము” అని త్రోసివేయుట ఉపాధ్యాయునకు సులభము. “శాస్త్రజ్ఞులే చెప్పినారు గదా” అని ఒప్పుకొనుటయు సులభమే. ఈ రెండును సరియైన సమాధానములు కావు. సరియైన సమాధానము చెప్పవలెనన్నచో మూలమును చదివి తూచవలెను.

అందుకు తగిన మూలము ఒకటి కలదు. 2015లో ‘బయోమెడ్ రిసెర్చ్ ఇంటర్నేషనల్’ అను పత్రికలో లోరెన్ పికార్ట్, వాస్కెజ్-సోల్టెరో, మార్గొలినా అను మువ్వురు ఒక సమీక్షావ్యాసమును ప్రకటించిరి. చర్మము పునరుజ్జీవనము పొందుటలో జి.హెచ్.కె. అను పెప్టైడు అనేక మార్గములలో తోడ్పడునని అందలి ప్రతిపాదన. పికార్ట్ సామాన్యుడు కాడు. ఆ పదార్థమును కనుగొన్నవాడే ఆయన. తరువాతి రచనలు పెక్కు ఈ వ్యాసమును ఉదాహరించినవి. కావున దీనిని పరిశీలించినచో ఈ విషయమంతటిని పరిశీలించినట్లగును.

పదార్థ పరిచయము

గ్లైసీన్, హిస్టిడీన్, లైసీన్ అను మూడు ఆమినో ఆమ్లములు వరుసగా కూడగా ఏర్పడిన చిన్న గొలుసు జి.హెచ్.కె. ఇది రాగి అయానును గట్టిగా పట్టుకొనును. ఇట్లు పట్టుకొనుటను ఉన్నత పాఠశాల ప్రయోగశాలలోనే చూపవచ్చును. గ్రుడ్డు తెల్లసొనను నీటిలో కలిపి, కాస్టిక్ సోడా ద్రావణమును చేర్చి, కొన్ని చుక్కల మైలుతుత్తపు ద్రావణమును వేసినచో ఊదారంగు పుట్టును. మాంసకృత్తులను గుర్తించుటకు మనము చేయు బైయూరెట్ పరీక్ష ఇదియే. పెప్టైడు గొలుసులోని నత్రజని పరమాణువులు రాగి అయానును చుట్టుముట్టుటయే ఆ రంగునకు కారణము. జి.హెచ్.కె.లోను గ్లైసీన్ కొననున్న నత్రజని, గ్లైసీన్ హిస్టిడీన్‌ల నడుమనున్న నత్రజని, హిస్టిడీన్ వలయములోని నత్రజని కలిసి రాగిని పట్టుకొనును. సీసాలోని నీలిరంగు దీనివలననే కలుగుచున్నది.

చర్మమునకును రాగికిని సంబంధము కలదన్నది నిస్సందేహమైన విషయము. చర్మమునకు బిగువు నిచ్చు కొల్లాజెన్, సాగుగుణము నిచ్చు ఎలాస్టిన్ అను మాంసకృత్తుల పోగులు ఒకదానితో నొకటి ముడిపడవలెను. ఆ ముడులు వేయు లైసిల్ ఆక్సిడేజ్ అను ఎంజైము రాగి లేనిదే పనిచేయదు. 1962లో జాన్ మెంకెస్ అను వైద్యుడు శిశువులలో ఒక వంశపారంపర్య వ్యాధిని వర్ణించెను. ఆ శిశువుల వెండ్రుకలు పెళుసుగా, మెలితిరిగి ఉండును. చర్మము వదులుగా ఉండును. రాగి చాలని గొఱ్ఱెల ఉన్ని కూడ అట్లే మెలితిరుగునని ఆస్ట్రేలియాలో తెలిసియున్నది. ఆ పోలికను గమనించిన డేవిడ్ డాంక్స్, ఈ వ్యాధికి మూలము రాగి శరీరమున కందకపోవుటయేనని 1972లో చూపెను.

కాని ఇచ్చటనే మొదటి జాగ్రత్త అవసరము. ఉప్పు లేని కూర చప్పన. అంతమాత్రమున ఉప్పు రెట్టింపు చేసినచో రుచి రెట్టింపు కాదు. రాగి కొఱత చర్మమును చెరచునన్న మాట నిజము. కొఱత లేని చర్మమునకు మరికొంత రాగిని అందించినచో అది యౌవనమును పొందునన్న మాట వేరు. మొదటిది రెండవదానికి సాక్ష్యము కానేరదు.

పరిశోధనా చరిత్ర

1973లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున పికార్ట్, థేలర్ అను ఇరువురు ‘నేచర్ న్యూ బయాలజీ’ పత్రికలో ఒక చిన్న పత్రమును ప్రకటించిరి. మానవ రక్తమునుండి తీసిన ఈ త్రిపెప్టైడు గాజుపాత్రలో పెంచిన కాలేయకణముల ఆయువును పొడిగించుచున్నదని అందు తెలిపిరి. వృద్ధుల కాలేయకణములను యువకుల రక్తద్రవములో ఉంచినపుడు అవి యువకుల కణములవలె ప్రవర్తించెనన్న పరిశీలనతో ఈ అన్వేషణ ఆరంభమైనదని పికార్ట్ తరువాత వ్రాసెను. యయాతి కథ గాజుపాత్రలో మరల జరిగినట్లు తోచుట సహజమే. 1980లో ఆయనయు సహచరులును, ఈ పెప్టైడు కణములలోనికి రాగిని చేరవేయునేమో యని ప్రతిపాదించిరి.

1988లో ఫ్రాన్సు దేశమునందలి మకార్, ఆయన సహచరులు ఒక ముఖ్యమైన ప్రయోగము చేసిరి. చర్మములో కొల్లాజెనును తయారుచేయు ఫైబ్రోబ్లాస్టు కణములకు ఈ రాగి సంకీర్ణమును అందించగా అవి అధికముగా కొల్లాజెనును తయారుచేసినవి. కణముల సంఖ్య పెరుగుటచేత కలిగిన ఫలితము కాదది. కణముల పనియే పెరిగినది. 1993లో వారే ఎలుకల గాయములలో అట్టి ఫలితమును చూపిరి. ఇవన్నియు గౌరవింపదగిన పరిశోధనలు. 2015 నాటి వ్యాసము వీనిని ఒకచోట చేర్చి, పాఠకునకు తేటగా అందించినది. అది దాని గుణము. దోషము లెచ్చటనున్నవో చూతము.

గాజుపాత్రలోని సాక్ష్యము

1973 నాటి పత్రము శీర్షికలోనే రెండు అంశములున్నవి. ఆ పెప్టైడు సాధారణ కాలేయకణముల మనుగడను పొడిగించుననుట మొదటిది. కాలేయపు కంతికణముల పెరుగుదలను ప్రేరేపించుననుట రెండవది. మొదటి సగము నేటి ప్రకటనలకు మూలపురుషుని వంటిది. రెండవ సగమును ఏ ప్రకటనయు జ్ఞాపకము చేయదు.

దీనినిబట్టి రాగి పెప్టైడు కేన్సరును కలిగించునని నేను చెప్పుట లేదు. గాజుపాత్రలో కంతికణములు పెరిగినంతమాత్రమున, ముఖమునకు రాసుకొన్న లేపనము మనిషిలో కంతిని పుట్టించునని నిర్ణయించుట తొందరపాటగును. శరీరము గాజుపాత్ర కాదు. పాఠకులందరు ఈ మాటను వెంటనే ఒప్పుకొందురు. అయితే ఆ తర్కమునే రెండవ వైపునకును వర్తింపజేయవలెను. గాజుపాత్రలో కొల్లాజెన్ పెరిగినంతమాత్రమున ముఖముపై ముడుతలు పోవునని నిర్ణయించుటయు అంతే తొందరపాటు. భయమును కలిగించు ఫలితమునకు ఒక తరాజు, ఆశను కలిగించు ఫలితమునకు మరియొక తరాజు ఉండరాదు.

ఒక చిన్న లెక్క

వ్యాసమందలి ప్రధానవాదములలో ఒకటి ఇట్లున్నది: ఇరువది ఏండ్ల వయస్సున రక్తద్రవములో ఈ పెప్టైడు మిల్లీలీటరుకు సుమారు 200 నానోగ్రాములుండును, అరువదవ ఏట అది 80కి తగ్గును, శరీరమునకు తన్ను తాను బాగుచేసికొను శక్తి తగ్గుటయు ఈ కాలముననే జరుగుచున్నది. చదువువానికి ఈ రెంటికిని కార్యకారణ సంబంధమున్నట్లు తోచును.

పదవ తరగతి విద్యార్థి కూడ చేయగల లెక్కను ఇచ్చట చేసి చూతము. జి.హెచ్.కె. అణుభారము సుమారు 340. మిల్లీలీటరుకు 80 నానోగ్రాములనగా లీటరుకు 80 మైక్రోగ్రాములు. దీనిని 340చే భాగించినచో లీటరుకు సుమారు 0.235 మైక్రోమోలు, అనగా 235 నానోమోలులు వచ్చును. ఇది అరువది ఏండ్ల వాని లెక్క. ఇరువది ఏండ్ల వానికి ఇట్లే లెక్కించగా సుమారు 588 నానోమోలులు తేలును. ఇక మకార్ ప్రయోగములో కొల్లాజెన్ పెరుగుదల గరిష్ఠస్థాయి నందుకొన్నది ఎంత గాఢతవద్ద? లీటరుకు 1 నానోమోలువద్ద. అంతకు వందవంతు కంటె తక్కువ గాఢతలోనే ప్రేరణ ఆరంభమైనది.

అనగా గాజుపాత్రలోని కణములకు కావలసినదానికి రెండువందల రెట్లకు మించిన పెప్టైడు వృద్ధుని రక్తములోనే ఉన్నది! 588 నుండి 235కు తగ్గినను, 1 చాలునన్నచోట కొఱత యెట్లు కలుగును? గరిసెలో నూరు బస్తాల ధాన్యము తగ్గి నలువది బస్తాలైనంతమాత్రమున, దినమునకు మానెడు వండుకొను ఇంట ఆకలి పుట్టదు గదా.

దీనికి సమాధానములు ఉండవచ్చును. రక్తము వేరు, చర్మపు లోపలిపొర వేరు. రక్తములోని పెప్టైడంతయు రాగితో కూడియుండక పోవచ్చును. రక్తములోని ఆల్బుమిన్ కూడ రాగిని గట్టిగా పట్టుకొనును గనుక ఆ రెంటికి నడుమ రాగి పంపకము జరుగుచుండును. పెప్టైడును ఎంజైములు త్రుంచివేయుచుండును. ఇవన్నియు సంభవములే. కాని ఆ మెట్లను చూపనంతవరకు, వయస్సుతో తగ్గు సంఖ్య, వయస్సుతో పెరుగు ముడుత అను రెండు విషయములు ప్రక్కప్రక్కన నిలిచి ఉన్నవనియే చెప్పవలెను. వయస్సుతోబాటు నల్లని వెండ్రుకలును తగ్గును. ముడుతలకు కారణము అదియే యని ఎవరును అనరు.

మనుష్యులపై పరీక్షలు

గాజుపాత్రను, ఎలుకను దాటి మనిషిని చేరినప్పుడే అసలు పరీక్ష. 1992లో బిషప్, ఆయన సహచరులు, సిరల రక్తము నిలిచిపోవుటచే కాళ్లపై ఏర్పడిన పుండ్లుగల రోగులను మూడు జట్లుగా విభజించి చికిత్స చేసిరి. ఒక జట్టునకు రాగి త్రిపెప్టైడు, రెండవదానికి వెండి సల్ఫాడయజిన్, మూడవదానికి మందులేని లేపనము ఇచ్చిరి. పుండును కొలుచువారికి ఎవరు ఏ జట్టువారో తెలియదు. వెండి మందు మేలనిపించుకొన్నది. రాగి పెప్టైడు మాత్రము మందులేని లేపనమును మించలేదు. 1994లో మల్డర్, ఆయన సహచరులు మధుమేహ రోగుల పాదముల పుండ్లపై అదే పెప్టైడును ఉపయోగించి అనుకూల ఫలితములను ప్రకటించిరి. ఒకటి కాదని చెప్పగా మరియొకటి ఔనని చెప్పినది. ఇట్టి సందర్భములో శాస్త్రము కోరునది ప్రకటనను కాదు, మూడవ పరీక్షను.

ముఖచర్మము విషయమున 2006లో మిల్లర్, ఆయన సహచరులు లేసరు చికిత్స పొందిన 13 మందిని పరిశీలించిరి. కొందరు రాగి పెప్టైడు లేపనములను వాడిరి, కొందరు వాడలేదు. జట్ల భేదము తెలియని పరీక్షకులు ఛాయాచిత్రములను చూచి, ఎఱ్ఱదనము తగ్గుటలో గాని ముడుతలలో గాని గణింపదగిన తేడా లేదనిరి. అయితే వాడినవారు తమ చర్మము మెఱుగైనదని అధికముగా తృప్తి చెందిరి! ఈ ఒక్క ఫలితమును తరగతిలో ఒక గంట చర్చింపవచ్చును. వాడినవారు అబద్ధమాడలేదు, వారికి నిజముగనే అట్లు తోచినది. తోచుటకును కొలుచుటకును గల దూరమును తెలిసికొనుటకే జట్లు, తెరలు, మందులేని లేపనములు ఏర్పడినవి.

2015 వ్యాసము ముఖచర్మము విషయమున ఆధారపడినవానిలో, 2002లో అమెరికా చర్మవైద్యుల సమావేశమున సమర్పింపబడిన నివేదికలు కలవు. అందొకదానిలో 71 మంది స్త్రీలు పండ్రెండు వారములు ఈ లేపనమును వాడిరి. సమావేశ నివేదిక విత్తనము వంటిది. పూర్తి పత్రము, దానిపై ఇతరుల పరిశీలన, మరియొకచోట పునఃప్రయోగము జరిగిననాడే అది పంట. మరియొక పరిశీలననుబట్టి, రాగి లేపనము వాడినవారిలో 70 శాతమునకు, విటమిన్ సి వాడినవారిలో 50 శాతమునకు, రెటినోయిక్ ఆమ్లము వాడినవారిలో 40 శాతమునకు కొల్లాజెన్ పెరిగినదట. శాతమును చూచిన తోడనే ‘ఎందరిలో?’ అని అడుగుట విద్యార్థికి అలవాటు కావలెను. జట్టుకు పదిమందియే ఉన్నచో 70కిని 50కిని గల భేదము ఇద్దరు మనుష్యులు మాత్రమే.

మంచి పరీక్ష యెట్లుండునో పోల్చుటకు ఒక ఉదాహరణము చెప్పెదను. ఆస్ట్రేలియాలోని నాంబూర్ పట్టణమున 1992 నుండి 1996 వరకు జరిగిన పరీక్ష ఫలితములు 2013లో వెలువడినవి. ఏబది ఐదేండ్ల లోపు వయస్సుగల 903 మందిని చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగా విభజించిరి. కొందరు సూర్యరశ్మి నిరోధక లేపనమును ప్రతిదినము రాసుకొనిరి; కొందరు తమ ఇచ్చవచ్చినట్లు వాడిరి. చేతి వెనుకభాగపు చర్మము అచ్చులను తీసి పోల్చగా, ప్రతిదినము వాడినవారిలో వార్ధక్య లక్షణములు 24 శాతము తక్కువగా ఉండెను. ఆ పరీక్షలోనే బీటా కెరోటిన్ మాత్రలను కూడ పరీక్షించిరి; వానివలన మొత్తముమీద మేలు కనబడలేదు. ‘లేదు’ అని చెప్పగల పరీక్ష ‘ఔను’ అన్నప్పుడే ఆ మాటకు విలువ.

మరి రెండు సందేహములు

ఈ పెప్టైడు వేలకొలది జన్యువుల పనిని మార్చునన్న వాదము వ్యాసమునకు కొత్త ఆకర్షణ. దీనికి ఆధారము బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ వారి సమాచార భాండారము. అందలి కొలతలు కేన్సరు కణముల పెంపకములలో తీసినవి. పైగా జన్యువు పని హెచ్చుట, తగ్గుట అనునవి దానంతటవే మేలు కావు, కీడు కావు. వీధిలో వేయి ఇండ్ల దీపములు వెలిగినవని చెప్పినంతమాత్రమున అది పండుగయో, దొంగలు పడినారో తెలియదు.

లేపనము లోపలికి చేరునా అనునది రెండవ సందేహము. చర్మపు వెలుపలి మృతకణముల పొర మనకు కోటగోడ వంటిది. చిన్న అణువులు, క్రొవ్వులో కరగునవి దానిని సులభముగా దాటును. జి.హెచ్.కె. చిన్నదే గాని నీటిలో కరగునది, విద్యుదావేశము గలది. మానవచర్మపు ముక్కలపై హోస్టినెక్, ఆయన సహచరులు చేసిన ప్రయోగములలో కొంత రాగి దాటినట్లు తేలినది. కాని అచ్చట కొలిచినది రాగిని. సరకు చేరినంతమాత్రమున బండి చెక్కుచెదరక చేరినదని చెప్పజాలము.

తీర్పు

ఈ వ్యాసకర్తలు ఇట్టి లేపనములను తయారుచేయు సంస్థకు చెందినవారు. ఇది నింద కాదు; వ్యాసముపైననే ముద్రింపబడిన విషయము. తాను కనుగొన్న వస్తువును ప్రేమించుట మానవసహజము. అమ్మువాడు చెప్పినంతమాత్రమున మాట అబద్ధము కాదు. అయితే దానిని కొనువాడు గాని అమ్మువాడు గాని కాని మూడవవాడు తూచిచూడవలెను. ఆ తూకము ఇంకను చాలినంత జరుగలేదన్నదే నా అభిప్రాయము.

కావున విద్యార్థికి మనము చెప్పవలసినది ఇది: జి.హెచ్.కె. కల్పన కాదు, మన రక్తములో ఉన్న నిజమైన పదార్థము. కణములపైనను ఎలుకలపైనను అది చూపిన ఫలితములు ఆసక్తికరములు. మనుష్యుల ముఖములపై ముడుతలను పోగొట్టునని నిరూపించు పెద్ద స్వతంత్ర పరీక్ష మాత్రము దీనికి అండగా లేదు. వయస్సును వెనుకకు త్రిప్పుననుట ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లున్నది. లేపనమునకే పరిమితమైన ఈ సాక్ష్యమును చూపి, సూదిమందుగా తీసికొనుమని చెప్పువారి మాట అసలే వినరాదు.

నాకు విచారము కలిగించునది కొనుగోలుదారుల డబ్బు వృథా యగుట ఒక్కటియే కాదు. మధుమేహ రోగి పాదముపై మానని పుండు ఒక కాలినే హరింపగలదు. దానిపై ఔనని ఒకరు, ఆ జాతి పుండ్లలో వేరొకదానిపై కాదని మరియొకరు చెప్పిన ప్రశ్న ఇంకను నిలిచియున్నది. మందుగా రుజువు కావలెనన్నచో సంవత్సరములు పట్టును, ఓడిపోవు భయమును ఉండును. సౌందర్యసాధనముగా అమ్ముటకు అంతటి రుజువు అక్కరలేదు. అందువలన ఆ నీలిరంగు ద్రవము పుండున్న పాదమువద్దకు పోక, అద్దము ముందరికి చేరినది. ఈ పదార్థమునకు న్యాయము చేయదలచినవారు మరియొక ప్రశంసా వ్యాసమును వ్రాయనక్కరలేదు; పుండుగల రోగులను రెండు జట్లుగా విభజించి, కొలబద్ద చేతబట్టి, ‘లేదు’ అను జవాబునకు సిద్ధపడి, ఒక పరీక్ష చేసిన చాలును.